ఎలుకలను మేపింది నేనే

నా మొగడు ఇనుపరాడుతోటి ఒక మనిషి కాలు ఇరగ్గొట్టిండు. ఇది ఊరందరికి తెల్సు. ఆ రాడును ఆ మనిషి దిక్కు తిప్పింది నేను. ఇది ఎవ్వలకు తెల్వది.

ఇన్నేండ్ల సంది ఈ బరువు మోస్తున్న. పొద్దుగాల లేస్తె నాతోనే లేస్తది. బీడీల చాట ముంగట పెట్టుకోని ఆకు కత్తిరిస్తుంటె పక్కకచ్చి కూసుంటది. పదిమందిల నవ్వుతుంటె నోరు మూస్తది. ఎవలకన్న చెప్పాలని మస్తుసార్లు అనుకున్న. మా అమ్మ ఉన్నప్పుడు ఆమెకు చెప్దామనుకున్న. చెప్పలే. ఆమె పోయింది. నువ్వెవరో నాకు తెల్వదు. నేనెవరో నీకు తెల్వది. అందుకే నీకు చెప్తున్న. నా పేరడుగకు. మా ఊరు కోరుట్ల దగ్గర, గంత తెలిస్తె చాలు.

మా మామ తాళ్లెక్కి కల్లు తీసెటోడు. నా మొగడు తాళ్లు ఎక్కలే. పెండ్లైన కొత్తల్నే సౌదీ పోయిండు. పోయేముంగట కూడ కొట్టిండు. కూరల ఉప్పెక్కువైతె కొట్టిండు, తక్కువైతె కొట్టిండు, రెండు కాకుంటె నవ్వినవెందుకని కొట్టిండు. ఆయన విమానం ఎక్కిననాడు నేను ఏడ్చిన్నని అందరు అనుకున్నరు. ఏడ్చిన. కని అది వేరే ఏడుపు. ఇంటికచ్చి కాళ్లు బార్లజాపుకోని పండుకున్న. ఎవడన్న లేపి తంతడేమోనన్న భయం లేకుంట పండుకుంటె నిద్ర ఎట్లుంటదో గప్పుడే తెలిసింది. ఫోన్ల తిట్టెటోడు. తిడితె తిట్టనీ అనుకున్న. ఫోన్లకెల్లి చెయ్యి రాదు గద.

మా బిడ్డ బడికి పోవుడు మొదలువెట్టినంక ఆయన వాపసొచ్చిండు. ఆడ కంపెనీ మూతవడ్డదట. కూడబెట్టుకున్నదాంతోటి ఒక పాత ట్రాక్టర్ కొన్నడు. ఎవలెవల చేతులో మారిన బండి. రంగు పోయి ఎర్రది కాస్త ఇటుకపొడి తీరుగ అయింది. దాని బానెట్ మీద చెయ్యేసి అన్నడు, "ఇగ ఎక్కడికి పోను. దీనిమీదనే బతుకుత."

ఊర్లె అందరు నా అదృష్టమన్నరు. మొగడు ఇంటిపట్టున ఉన్నడన్నరు. నేను తలకాయ ఊపిన. ఆ బండి నడిచినన్ని దినాలు ఆయన ఇక్కడ్నే ఉంటడు. బండి ఆగితె మళ్ల పోతడు. గిదొక్కటే లెక్క నా మనసుల పడ్డది.

బండి నడిపెటందుకు సామేలును పెట్టుకున్నడు. సామేలుది ఊరవతలి వాడ. వాళ్లకు భూమి లేదు. చిన్నప్పటిసంది ఊరోళ్ల ట్రాక్టర్ల మీదనే పెరిగిండు. సన్నటి మనిషి. ఆయిత్వారం ప్రార్థనకు పోయేటప్పుడు తెల్లంగి వేసుకునెటోడు. బండి మీద కూసున్నడంటె లోపల్లోపల ఏదో పాట పాడుకుంటనే ఉండేది. ఆయన పెండ్లాం సుగుణ నాతోటి నాట్లకు, కలుపుకు వచ్చేది. సామేలు నన్ను వదినె అనెటోడు. ఒకనాడు వాకిట్ల నా మొగడు నా ఎంటికలు పట్టుకోని గుంజుతుంటె సామేలు బండి కడుగుడు ఆపి అచ్చి ఆయన చెయ్యి పట్టుకున్నడు. "అన్నా, ఇడువు. ఆడమనిషి మీద గీ బలమెందుకు?" అన్నడు. ఊర్లె ఇంకెవ్వడు ఏనాడు ఆ చెయ్యి పట్టలే. మా అన్నదమ్ములు గూడ పట్టలే. ఈ సంగతి నీకు ముందుగాల చెప్పాలె. లేకుంటె నేను చేసింది ఎంత పాడుపనో నీకు అర్థం కాదు.

ఆ ఏడు వాన పడలే. చెరువుల పగుళ్లల్ల చెయ్యి పట్టేది. దున్నెటోడు లేడు, దున్నిచ్చెటోడు లేడు. సగం ఊరు బాంబే బస్సెక్కింది, మిగిలినోళ్లు దుబాయ్ ఏజెంట్ల సుట్టు తిరుగుతున్నరు. బండి కొట్టంల నిలవడ్డది. బండి నిలవడ్డకొద్ది ఆయన చేతులకు పని లేక నామీద పని దొరికింది. ఒకనాడు చెంప మీద కొడితె ఎడమ చెవు గుయ్యిమన్నది. ఆ చెవు ఇప్పటికి సరిగ్గ ఇనరాదు.

కొట్టంల బండి పక్కకే మక్కజొన్న గింజల సంచులుండె. ఒకనాడు ఊడుస్తుంటె చూసిన. ఒక ఎలుక సంచిలకెల్లి దిగి, బండి పొట్ట కిందికి ఉరికి, ఆడున్న సందులకెల్లి లోపలికి దూరింది. తోక ఒక్కటి బయట ఆడింది. తర్వాత అది గూడ పోయింది. ఎవలకు చెప్పలే. మరుసటి దినం ఇంకొకటి కనవడ్డది.

ఆయనకు గూడ అనుమానమొచ్చింది. కోరుట్ల నుంచి ఎలుకల మందు తెచ్చి నా చేతుల పెట్టిండు. "బండి కింద పెట్టు, బిడ్డ చెయ్యి తగలకుంట చూడు" అన్నడు. తీసుకున్న. పెట్టలే. పెంటదిబ్బల బొందవెట్టిన. ఎందుకు బొందవెట్టిన అని నన్ను నేను ఎన్నిసార్లు అడుక్కున్ననో. బిడ్డ ముడితదని భయమా? కాదు. ఎలుక మీద జాలా? అది గూడ కాదు. ఆ మందు నా చేతులకొచ్చినప్పుడే నాకు తెలిసిపోయింది, ఆ ఎలుకలు నావైపున్నయని.

ఇగ మేపుడు మొదలువెట్టిన. ఊడ్వబోయినప్పుడల్లా పిడికెడు మక్కలు ఆ సందు కాడ పోసేదాన్ని. పొద్దుగాలకు ఒక్క గింజ ఉండకపోయేది. తర్వాత నా పాత చీర ఒకటి, నీలం పువ్వులది, చింపి పేలికలు చేసి ఆడ పడేసిన. అవి గూడ లోపలికి పోయినయి. బాలింతకు పక్క పరిచినట్టు పరిచిన. నేనేం తెంపలే, నేనేం విరగ్గొట్టలే, రానిచ్చిన అంతే, అని నాకు నేనే చెప్పుకునేదాన్ని. బండి చప్పుడు లేకుంట చచ్చిపోతదనుకున్న. ఒకనాడు తాళం తిప్పితె ఇంజన్ సాల్ కాదు, ఈయన నాలుగు తిట్లు తిడతడు, పాత ఇనుముకు అమ్ముకుంటడు, మళ్ల వీసా చూసుకుంటడు. మనిషికి దెబ్బ తగుల్తదనుకోలే. అనుకోలేదన్నది నిజమేనా? ఆయన చెయ్యి ఎట్లాంటిదో నాకంటె ఎక్కువ ఎవలకు తెల్సు? ఆ చెయ్యి ఎక్కడో ఒకకాడ పడకుంట ఉంటదా? తెల్సు. తెల్సినా అటు చూడలే.

ఆలస్యంగ ఆ ఏడు ఒక వాన పడ్డది. పడితె గట్టిగ పడ్డది. తెల్లారి ఊరంతా మా వాకిట్లకొచ్చింది. ముందు నాది దున్ను, ముందు నాదని. నా మొగని మొఖంల ఎన్నడు చూడని నవ్వు. సామేలును పిలిచిండు. సామేలు అంతకుముందే ఆయనతోటి చెప్పుకున్నడు, మస్కట్ల డ్రైవర్ పని దొరికేటట్టుంది, ఈ దున్నుడు అయిపోంగనే పోత అని. ఆ మాట నా మొగనికి మింగుడు పడలే. పైసల్లేక తనకు దొరకని వీసా తన జీతగానికి దొరికింది.

తాళం తిప్పితె బండి చప్పుడు చెయ్యలే. సామేలు బానెట్ లేపిండు. వైర్లు ముక్కలు ముక్కలు. రెండు వైర్లు కలిపి ఎట్లనో సాల్ చేసిండు. ఇంజన్ మొత్తుకున్నది. కని గేరు పడలే. క్లచ్ తొక్కితె లోపల ఇనుము ఇనుము రాసుకున్న చప్పుడు. సామేలు దిగి కిందికి వంగి చూసిండు. "అన్నా, క్లచ్ ప్లేటు అతుక్కపోయింది. బంజెయ్యి. మేస్త్రి వచ్చి విప్పాలె, గప్పటిదాక ముట్టద్దు" అన్నడు.

అందరి ముంగట జీతగాడు ముట్టద్దనే వరకు ఈయనకు పౌరుషం. తనే ఎక్కిండు. ఇంజన్ ఆపి, గేరేసి, క్లచ్ తొక్కి మళ్ల సాల్ చేసిండు. అతుక్కపోయిన ప్లేటు లోపల ఇడువలే. బండి ఒక్కసారి ఎగిరింది. ముంగట గుంజకు కట్టేసిన దూడను తొక్కి, గోడకు గుద్దుకోని ఆగింది. దూడ అరువలే. అరిచే టైం దొరకలే దానికి. తర్వాత ఎవడో నవ్విండు. ఎవడో నాకు తెల్వదు. ఆ నవ్వు నవ్వకపోతె ఎట్లుండెనో.

నా మొగడు బండి మీదికెల్లి దుంకిండు. కింద పడున్న జాకీ రాడు తీసుకున్నడు.

"వైర్లు కోసి, క్లచ్ కాలవెట్టి, మస్కట్ పోదామనుకున్నవా?"

"దేవుని తోడన్నా, నేనెందుకు కోస్త? ఎలుకలు కొరికినయి. చూడు, పళ్ల గాట్లున్నయి."

"ఎలుకలా? ఎలుకలకు మందు తెచ్చిన కొడుకా నేను." అని నా దిక్కు తిరిగిండు. రాడు గూడ ఆయనతోటి నా దిక్కు తిరిగింది. "ఏమే, మందు పెట్టినవా లేదా?"

గడప మీద నిలవడి ఉన్న. బిడ్డ నా కుచ్చిళ్లు పట్టుకోని ఉంది. సామేలు నా దిక్కు చూసిండు. ఆయన కండ్లల్ల భయం లేదు. వదినె ఉన్నది గద, నిజం చెప్తది గద అన్నట్టు చూసిండు. "చెప్పు వదినె" అన్నడు.

పెట్టలేదంటె ఆ రాడు ఎవల మీద పడతదో నాకు తెల్సు. పెట్టిన్నంటె ఎవల మీద పడతదో గూడ తెల్సు. ఆలోచన అంటరే, అదేం లేదు. నోరు దానంతటదే తెరుసుకుంది.

"పెట్టిన" అన్న.

మొదటి దెబ్బ భుజం మీద పడ్డది. సామేలు పడి లేవబోయిండు. రెండోది ఎడమ మోకాలు మీద. మక్కకంకి ఇరిగినట్టు ఇరిగింది. ఆ చప్పుడు నాకు వినరాని చెవులకెల్లి గూడ ఇనవడ్డది. సామేలు అరుస్తున్నడు, ఈయన కొడుతున్నడు, అదే మోకాలు మీద, కట్టె చీల్చెటోడు ఒక్కటే గాటుల కొట్టినట్టు. బురదల నెత్తురు. దూడ నెత్తురు ఏదో, మనిషి నెత్తురు ఏదో తెలువకుంట. సుట్టు అంతమంది మొగోళ్లు. ఒక్కడు ముంగటికి రాలే. వైర్లు కోసినోడు గద అనుకున్నరు. ఊరవతలి వాడోడు గద అని గూడ అనుకున్నరు, బయటికి అనకపోయినా. ఒక ముసలాయన "ఇగ చాలు తియ్యి" అన్నడు. అది గూడ కాలు ఇరిగినంక.

సామేలు ఇంకొకసారి నన్ను పిలిచిండు. "వదినె!" అని. గంతే. నేను బిడ్డ చెవులు మూసుకోని లోపలికి పోయి తలుపేసుకున్న.

ఇప్పుడు నీకు అసలు మాట చెప్త. అబద్ధం చెప్పుడు ఒక తప్పు. అది భయంతోటి చెప్పిన, ఎవలన్న అర్థం చేసుకుంటరేమో. కని తలుపు వెనుక నిలవడి ఆ దెబ్బలు ఇనుకుంట నాకేమనిపించిందో తెల్సా? ఈయాల నా వంతు కాదు అనిపించింది. ఒళ్లంతా సల్లగైంది. ఎండాకాలంల నెత్తి మీద చెంబెడు నీళ్లు పోసుకున్నట్టు. ఒక మనిషి మోకాలు పొడి అవుతుంటె నా పానం హాయిగైంది. నేను దాసింది గిది.

సామేలును ఆటో ట్రాలీల వేసుకోని జగిత్యాల దవాఖానకు తీస్కపోయిండ్రు. వాడోళ్లు కేసు పెడతమన్నరు. నా మొగడు పరారైండు. పెద్దమనుషులు కూసున్నరు, ఒక్క ఊరోళ్లం, కేసులెందుకన్నరు, తప్పు ఇద్దరిదన్నరు, కేసు కాకుంట రాజీ చేసిండ్రు. ఇద్దరిదట! ఆ నడుమల నా మొగడు దాక్కున్నకాడికెల్లి కోరుట్ల మేస్త్రిని ఇంటికి తోలిండు, బండి బాగుచేపిస్తె అమ్మి వీసా కొనుక్కోవచ్చని.

మేస్త్రి ముసలాయన. బండిని నడిమిట్ల విప్పి రెండు ముక్కలు చేసిండు. ఇంజన్ ఇటు, వెనుకభాగం అటు. ఇంట్ల నేనొక్కదాన్నే ఉన్న. "బిడ్డా, ఇటు రా" అని పిలిచిండు. క్లచ్ ఉండేకాడ ఇంత పెద్ద గూడు. మక్కల పొట్టు, వైర్ల ముక్కలు, నీలం పువ్వుల పేలికలు. ఎలుకల ఉచ్చకు ప్లేటు తుప్పుపట్టి ఇనుపచక్రానికి అతుక్కపోయింది. గూడు నడుమల నిన్నమొన్న పుట్టిన, కండ్లు తెరువని ఎర్రటి పిల్లలు కదులుతున్నయి.

మేస్త్రి ఒక పేలిక తీసి చూసిండు. దండెం మీద ఆరేసిన నా రవికె అదే బట్టది. దాన్ని గూడ చూసిండు.

"ఆ పిలగాన్ని ఉత్తగనే కొట్టిండ్రు బిడ్డా" అన్నడు.

"చెప్తె నన్ను సంపుతడు కాకా."

గూడంతా చేతులతోటి తోడి తట్టల వేసి నా ముంగట పెట్టిండు. "నేను చెప్ప. నా నోరు కాదు చెప్పాల్సింది" అన్నడు. ఆ ముసలాయన గూడ ఇప్పుడు లేడు.

తట్ట తీస్కపోయి నీళ్లు కాగే పొయ్యిల గుమ్మరించిన. పిల్లలు బతికున్నయి. సన్నగ కీచుమన్నయి. మండేదాక ఆడ్నే నిలవడ్డ. నేను మేపిన, నేనే కాల్చిన. నా మొగనికి నాకు తేడా ఏముందని గప్పుడు అడుక్కోలే. ఇప్పుడు అడుక్కుంటున్న.

బండి అమ్ముడువోయింది. ఆయన సౌదీ పోయిండు. నేను కోరుకున్నదే జరిగింది సూడు, అక్షరం తప్పకుంట. మళ్ల కాళ్లు జాపుకోని పండుకున్న. నిద్ర పట్టలేదని అంటె నువ్వు నమ్ముతవేమో, నాకు గూడ బాగుంటది. కని పట్టింది. మంచిగ పట్టింది. చాన దినాల తర్వాతనే ఈ బరువు మొదలైంది.

సామేలు మోకాలు వంగకుంట అయింది. క్లచ్ తొక్కేది ఎడమకాలే. డ్రైవర్ వీసా పోయింది. ఆయనకు బదులు సుగుణ కువైట్ పోయింది, ఇండ్లల్ల పనికి. చిన్న పిల్లలను మొగనికి ఇడిసిపెట్టి పోయింది. సుగుణ తల్లిగారిది సిరిసిల్ల. సామేలు పిల్లలను తీసుకోని ఆడికి పోయిండు. ఊరు ఇడిసేనాడు నేను బయటికి రాలే.

కొన్నేండ్లకు చుట్టాల ఇంట్ల కార్యముంటె సిరిసిల్ల పోయిన. ఒక గల్లీల నడుస్తుంటె బట్ట నేసే సాంచెల చప్పుడు నడుమ ఎవలో "వదినె" అన్నరు. గడప కాడ కూసోని సామేలు దారం కండెలు చుట్టుతున్నడు. అది ఆడోళ్లు చేసే పని, కూసోని చేసేది. కాలు కట్టెలెక్క ముంగటికి సాపి ఉన్నది. తన బిడ్డతోటి చాయ పెట్టిచ్చిండు. మా బిడ్డ ఏం సదువుతున్నదని అడిగిండు. అన్న ఫోన్ చేస్తుండా అని గూడ అడిగిండు.

తర్వాత దారం దిక్కు చూసుకుంట అన్నడు, "వదినె, నేను కొయ్యలే. కని నువ్వు మందు పెట్టిన్నంటివి. మరి ఎలుకలెట్ల ఉంటయి? బండి పని చేస్తుంటె ఏ పానా తగిలో నేనే తెంపిన్నేమో అని నాకే అనుమానం. సుగుణ గూడ ఫోన్ల ఒకపారి అడిగింది, నిజంగ కొయ్యలేదా అని."

గప్పుడన్న చెప్పాల్సింది. నా మొగడు సముద్రం అవుతల ఉన్నడు. రాడు లేదు, చెయ్యి లేదు. ఆ గడప మీద నేను, సామేలు, ఒక చాయ గిలాస. ఒక్క ముక్క అంటె అయిపోయేది. ఆ మనిషికి కాలు తిరిగి రాకపోయేది, కని ఆయన మాట మీద ఆయనకు నమ్మకమొచ్చేది, పెండ్లాంకు గూడ వచ్చేది.

చాయ తాగిన. "పైలం సామేలూ" అన్న. బస్టాండుకు పోయిన.

అన్నింటికంటె పెద్ద తప్పు అదేనని ఇప్పుడనిపిస్తది. మొదటిది భయంతోటి చేసిన. ఇది దేనితోటి చేసిన? ఊర్లె అందరు నన్ను చూసి పాపం అంటరు, మొగని చేతుల అంత పడ్డదని. ఆ పాపం అనే మాట నాకు అలవాటైంది. దాన్ని పోగొట్టుకోబుద్ధి కాలే. సామేలు నన్ను వదినె అని పిలుస్తడు. ఆ పిలుపు గూడ పోగొట్టుకోబుద్ధి కాలే. ఇంత సిన్న లోభానికి ఒక మనిషిని తన మీద తనకే నమ్మకం లేకుంట బతుకనిచ్చిన.

నా మొగడు ఇప్పుడు ఇంట్లనే ఉన్నడు. షుగరొచ్చి ఒళ్లు కుంగింది. చెయ్యి లేపితె వణుకుతది. మొన్న అన్నం తినిపిస్తుంటె అడుగుదామనుకున్న, ఆ దినం యాదికున్నదా అని. అడుగలే. ఆయనకు చెప్పుడు నాకిప్పుడు భయం కాదు. ఆయనకు చెప్పి ఏం లాభం? వినాల్సింది ఆయన కాదు.

సుగుణ వాపసొచ్చిందట. సిరిసిల్లల్నే ఉన్నరట. బస్సెక్కితె పొద్దుగూకెవరకు పోయి రావచ్చు. పోతనా? పోతనని నీకు మాటిచ్చి ఇంకొక అబద్ధం మోయలేను. ఈ మాట సామేలుకు చెప్పాల్సింది, నీకు చెప్పుకుంటున్న. ఇది గూడ పిరికితనమే, నాకు తెల్సు. నన్ను మాఫీ చెయ్యకు. అది నీ చేతుల లేదు, నేను అడుగుత గూడ లేను. దెబ్బలు తిన్నది గద పాపం అని గూడ అనకు.

వైర్లు సామేలు కొయ్యలే. ఎలుకలు కొరికినయి. నేను మందు పెట్టలే.

ఇన్నేండ్లల్ల ఈ మూడు మాటలు నా నోట్లకెల్లి బయటికి వచ్చుడు ఇదే మొదలు. పానం జర తేలికైంది. తేలికైనందుకు సిగ్గైతుంది. అయినా తేలికైంది, అది గూడ దాసను.